గత్తర పోయింది, గేటు తెరవలేదు

హన్మకొండలో ఒక ఆశ్రమంలో ఆయాగా చేరేనాటికి నాకు ఇరవై రెండేళ్లు. ఎనభైల మొదట్లో సంగతి. దిక్కులేని ఆడవాళ్ల కోసం వరంగల్ బజారు వ్యాపారులు కొందరు కలిసి నడిపే ఇల్లు అది. పాత పెంకుటిల్లు, నడిమధ్య వాకిలి, వాకిట్లో చేదబావి, బావికి నాలుగడుగుల దూరంలోనే మురుగు గుంత. అది ప్రమాదమని అప్పట్లో ఎవరికీ తోచలేదు. లోపల ముసలివాళ్లు, మతి సరిగా లేనివాళ్లు, కాళ్లు పడిపోయినవాళ్లు ఉండేవాళ్లు. మా నాన్నది చిన్న కిరాణా దుకాణం. పదో తరగతి పాసైన కూతురు పరాయివాళ్ల మలమూత్రాలు ఎత్తడానికి పోతుందంటే ఆయన నాతో నెల రోజులు మాట్లాడలేదు. నా మొగుడు పనిచేసే మిల్లు ఎప్పుడు మూతపడుతుందో తెలియదు. అందుకని చేరాను.

ఆ ఆశ్రమంలో చూపులేని పిల్ల ఒకతె ఉండేది. పిల్ల అంటున్నానుగానీ నాకంటే రెండేళ్లే చిన్న. పసితనంలో అమ్మవారు పోసి కళ్లు పోయాయి, మొహం నిండా మచ్చలు మిగిలాయి. నన్ను "వదినె" అని పిలిచేది. తల్లిదండ్రులు పోయాక అక్క పెంచింది. ఆ అక్క ఎనుమాముల మార్కెట్లో మిరపకాయల తొడిమలు తీసే కూలి. బావ అక్కడే బస్తాలు మోసే హమాలీ. "ఇంట్ల గుడ్డిదన్న ఉండాలె, నేనన్న ఉండాలె" అని బావ తెగేసి చెప్పిన రోజున అక్క ఆమెను తెచ్చి మా ఆశ్రమంలో విడిచిపెట్టింది.

విడిచిపెట్టిందేగానీ మరిచిపోలేదు. ఆదివారం వస్తే చాలు, బియ్యప్పిండితో చేసిన సర్వపిండి మూట కట్టుకుని వచ్చేది. ఎన్నిసార్లు కడిగినా ఆమె చేతుల మిరప ఘాటు పోయేది కాదు. అందుకని చెల్లెలి మొహాన్ని మోచేత్తో నిమిరేది. అక్క వాకిట్లో అడుగు పెట్టకముందే చెల్లెకు తుమ్ము వచ్చేది. "మా అక్కొచ్చింది" అని గోడ పట్టుకుని లేచేది. అందరూ నవ్వేవాళ్లు. మిగతావాళ్లను చూడ్డానికి ఏ పురుగూ వచ్చేది కాదు కాబట్టి, ఆ వచ్చిన ఒక్కతే అందరికీ అక్క అయింది. సర్వపిండి తుంచి తలో ముక్క చేతిలో పెట్టేది. పళ్లులేని ముసలమ్మలు ఆ ముక్కను మధ్యాహ్నం దాకా చప్పరించేవాళ్లు.

ఒక వానకాలం గత్తర వచ్చింది, దవాఖానవాళ్లు కలరా అన్నారు. ఊరంతా వచ్చిందిగానీ మా ఆశ్రమంలో బావి వల్ల ఎక్కువ వచ్చింది. మొదట వంటమనిషికి వాంతులు పట్టాయి. ఇంటికని పోయి మళ్లీ రాలేదు. మర్నాటికి మూలగదిలో ఇద్దరు ముసలమ్మలు మంచంలోనే అయిపోయారు. దవాఖానలో వరండాలు కూడా నిండిపోయాయి, మా వాళ్లకు చోటు లేదన్నారు. ఒక కంపౌండరు సెలైన్ సీసాలు ఇచ్చిపోయాడు. వాటిని చీర అంచులు చింపి కిటికీ చువ్వలకు వేలాడదీశాం. ఆయాలు ఒక్కరొక్కరే మానేశారు. వాళ్లకూ ఇళ్లలో పిల్లలున్నారు, ఎవరిని ఏమంటాం? చివరికి నేనూ, నాకంటే చాలా పెద్దదైన ఇంకో ఆయా మిగిలాం. ఆమెను నేను "పెద్దవ్వా" అనేదాన్ని. మేమిద్దరం ఒకరి నడుము ఒకరు పట్టుకుని శవాలను గేటు దాకా మోసేవాళ్లం. మున్సిపాలిటీ బండివాళ్లు గేటు దాటి లోపలికి వచ్చేవాళ్లు కాదు.

చూపులేని పిల్లకు ఏమీ కాలేదు. విసనకర్ర పట్టుకుని ఎవరి మంచం పక్కన కూర్చోబెడితే అక్కడ కూర్చునేది. "వదినె, ఈ అవ్వ మూలుగుడు ఆపింది, జర చూడు" అని పిలిచేది. చూస్తే ఆ అవ్వ పోయి ఉండేది.

చచ్చిపోయినవాళ్ల బంధువులకు కబుర్లు పంపించాం. ఒక ముసలమ్మ కొడుకు మాత్రం ములుగు దిక్కునుంచి జీపులో వచ్చాడు. ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని గేటు బయటే నిలబడి, "మా అవ్వ చెవులకు కమ్మలుండె, ఉన్నయా?" అని అడిగాడు. ఉన్నాయన్నాను. విప్పి తెచ్చి ఇస్తే జేబులో వేసుకున్నాడు. శవాన్ని మీరే చూసుకోండని జీపు ఎక్కాడు.

బజారు కూడా మమ్మల్ని చూడటం మానేసింది. అంతకుముందు ఎవరి ఇంట్లో పుట్టినరోజైనా, ఎవరి తద్దినమైనా మా ఆశ్రమానికి అన్నం వచ్చేది. గత్తర తర్వాత అటు నడిచే దారే లేనట్టు అయిపోయింది. మా ఇంటి ఓనరు భార్య నా గిన్నె తన వాకిట్లో పెట్టనిచ్చేది కాదు. పాలమనిషి చెంబును నడుమెత్తున పట్టుకుని పై నుంచి పోసేది, సగం నేలపాలు. ఒకనాడు ఓనరు వచ్చి నా మొగుడితో, "నీ మీద కోపం లేదు తమ్మీ. కని ఆమె ఆ కొలువు ఇడిసిపెట్టన్న పెట్టాలె, మీరు ఇల్లన్న ఖాళీ చెయ్యాలె" అన్నాడు. ఇల్లు ఖాళీ చేశాం. నేను కొలువు మానేస్తానేమోనని నా మొగుడు రెండు వారాలు ఎదురుచూసి, తర్వాత ఆశ వదులుకున్నాడు.

వానలు వెనకపట్టాక గత్తర తగ్గింది. ఆశ్రమం కమిటీ పెద్దలు ఒకరోజు వచ్చి ఖాళీ మంచాలు చూసి తలలు ఊపారు. ఇక నుంచి అంతా పద్ధతిగా జరగాలన్నారు. ఆ పద్ధతి పెట్టడానికి కొత్త సూపరింటెండెంటును తెచ్చారు. పెద్ద దవాఖానలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. తెల్లచీర, వాచీ, బిగించి వేసిన ముడి. మేమందరం "మేడమ్" అనేవాళ్లం.

ఆమె గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. బావి పూడ్పించింది, బోరింగు వేయించింది, గోడలకు సున్నం కొట్టించింది, ఇనుప మంచాలు తెప్పించింది. ఆమె వచ్చాక ఆ ఇంట్లో విరేచనాలతో ఒక్కరూ చావలేదు. పేపరువాళ్లు వచ్చి ఫోటో కూడా తీసుకున్నారు. ఆ ఫోటోలో అందరి తలలూ గొరిగి ఉంటాయి. పేలు పడితే రోగాలు అంటాయని మంగలిని పిలిపించి, ముసలీ పడుచూ అనకుండా అందరికీ ఒకే వరుసలో గొరిగించింది. ఒక ముసలమ్మ, ముత్తైదువను నేను, నా మొగుడు ఎక్కడో బతికే ఉన్నాడు, నాకెందుకు గుండు అని మంగలి కాళ్లు పట్టుకుంది. మేడమ్ ఆమె భుజాలు నొక్కి కూర్చోబెట్టి, "నీ మొగడొస్తే నేను చెప్త" అంది.

కొత్త ఆయాలు ఎవరూ దొరకలేదు. గత్తర ఇల్లు అంటే ఎవరొస్తారు? అందుకని లేవగలిగిన ముసలమ్మలతోనే లేవలేనివాళ్ల పక్కలు మార్పించారు, గుడ్డలు ఉతికించారు. కమిటీవాళ్లు దాన్ని స్వావలంబన అన్నారు.

ఊచల గేటు తీసేసి రేకుల గేటు పెట్టారు. బయటివాళ్లు లోపలికి రావద్దు, బయటి తిండి అసలే రావద్దు. ఎప్పటిదాకా అని నేనడిగితే మేడమ్, "రోగం పోయిందని రోగం వచ్చి నీకు చెప్తదా?" అంది.

ఆదివారం అక్క వచ్చింది. వాచ్‌మన్ ఆమెను గేటుకు దూరంగా, రోడ్డవతలి చాయ్ కొట్టు దాకా తరిమాడు. లోపల చెల్లె పొద్దున్నుంచి రేకుకు వీపు ఆనించి కూర్చుంది. "అక్కా, వచ్చినవా?" అని మధ్యమధ్య ఒర్రేది. రోడ్డు మీద బస్సుల చప్పుడు. అవతలికి వినపడేది కాదు. నేను డ్యూటీ దిగి పోతుంటే అక్క నన్ను పట్టుకుంది.

"వదినె, మా చెల్లె మంచిగున్నదా? తింటాందా?"

"ఉన్నది. నీకోసం ఎదురుచూస్తాంది."

"గిది జర ఇయ్యరాదు" అని సర్వపిండి మూట నా చేతిలో పెట్టింది.

మర్నాడు కొంగు చాటున లోపలికి తీసుకుపోయాను. మేడమ్ ముక్కుకు వాసన తగిలింది. మూట గుంజుకుని, అందరూ చూస్తుండగా బూడిద కుప్పలో పడేసి పైన ఫినాయిల్ పోసింది. చూపులేని పిల్ల వాసన వచ్చిన దిక్కుకు మొహం తిప్పి, "ఏంది వదినె, ఏం పోసిన్రు?" అని అడిగింది. నేను చెప్పేలోపు ఎవరో చెప్పేశారు.

అప్పటినుంచి ఆదివారం వస్తే ఆమె తినేది కాదు. సోమవారం కూడా తినేది కాదు. గేటు దగ్గర ఆమె ఒర్రుడు విని మిగతావాళ్లు కూడా ఏడుపు మొదలుపెట్టేవాళ్లు. తమకు రానివాళ్లందరినీ తలుచుకుని ఏడ్చేవాళ్లు. ఇల్లంతా పీనుగ లేచినట్టుండేది.

ఒకరోజు నేను ఒక రోగిని తీసుకుని పెద్ద దవాఖానకు పోయాను. తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. వాకిట్లో చూపులేని పిల్ల తడిబట్టలతో కూర్చుని ఉంది. గొరిగిన తల మీదినుంచి నీళ్లు కారుతున్నాయి. పెద్దవ్వ నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"వాళ్లక్క గత్తరల పోయిందని మేడమ్ చెప్పింది. అన్నాల కాడ, అందరి ముంగట. ఈ పిల్ల మైల స్నానం చేస్త అంటే నేనే నీళ్లు పోసిన."

"గత్తర పోయి నెలలైతాంది. మొన్న ఆదివారం నేనే చూసిన కదా ఆమెను!"

"నాకెరుకే. నువ్వు పోయి మేడంను అడుగు."

పోయి అడిగాను. మేడమ్ గాజుగ్లాసులో చాయ్ తాగుతున్నది. గొంతు పెంచలేదు.

"ఆశ ఉన్నన్ని రోజులు ఆ పిల్ల తినది. తినకపోతే సస్తది. ఇయ్యాల ఏడుస్తది, నాలుగు రోజులకు ఊకుంటది. నేను వార్డులల్ల ఎంతమందిని చూసిన్నో నీకెరుక లేదు. ఫికర్ చెయ్యకు, పోయి పని చూసుకో."

మర్నాడు బట్టలు ఆరేస్తూ ఆమెకు నిజం చెప్పాను. మీ అక్క బతికే ఉంది, రోడ్డవతల నిలబడుతున్నది, నేను కళ్లారా చూశాను అన్నాను. ఆమె నా చేతిని తడుముకుని నెమ్మదిగా నిమిరింది. "నువ్వు మంచిదానివి వదినె. నేను ఏడుస్తాన్నని గట్లంటానవ్" అంది.

ఇక ఆమెకు అక్క గొంతు వినిపించడం తప్ప దారి లేదనిపించింది. ఎనుమాముల పోయాను. యార్డులో మిరపకాయల కుప్పల మధ్య, మూతికి గుడ్డ కట్టుకున్న ఆడవాళ్లలో ఆమెను వెతకడానికి చాలాసేపు పట్టింది. దగ్గుతూనే జరిగింది చెప్పాను. ఆమె చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"బతికుండంగనే నన్ను సంపిన్రా?"

నేను ఘాటుకు కొంగు మూతికి అడ్డం పెట్టుకున్నాను.

"ఏడ్సిందా?"

"ఏడ్సింది."

"బువ్వ తిన్నదా మల్ల?"

"లేదు."

"అయితే పా" అని లేచి, చీరకంటిన గింజలు దులుపుకుంది.

మేడమ్ మధ్యాహ్నం కునుకు తీసే వేళకు ఆమెను ఆశ్రమం వెనక గోడ దగ్గర నిలబెట్టి నేను లోపలికి వచ్చాను. గోడకు ఇవతల బట్టలుతికే బండ. చూపులేని పిల్ల, ఇద్దరు ముసలమ్మలు అక్కడ గుడ్డలు పిండుతున్నారు.

"చెల్లే! నేనే, అక్కను. సావలేదు నేను. చెల్లే!"

పిల్ల చేతిలో గుడ్డ జారిపోయింది. మొహం గోడ వైపు తిరిగింది. ఆ క్షణాన ఒక ముసలమ్మ ఆమె నోరు అదిమి పట్టింది.

"పలుకకే! సచ్చినోళ్లు పిలిస్తే పలుకద్దు. పలికితే ఎంట తీస్కపోతరు!"

అక్క మళ్లీ పిలిచింది. దయ్యం కాదు, మీ అక్కే, నేనే తీసుకొచ్చాను అని నేను అరుస్తున్నాను. ముసలమ్మలిద్దరూ నాకంటే గట్టిగా అరుస్తున్నారు. పిల్ల రెండు చెవులూ మూసుకుని బండ పక్కన ముడుచుకుపోయింది.

"పో అక్కా... పోవే... నన్ను తీస్కపోకు. నాకు బతకాలనున్నదే..."

గోడ అవతల పిలుపు ఆగిపోయింది. ఆ మాట ఆమెకు వినపడింది.

మేడమ్ లేచి వచ్చింది. వాచ్‌మన్‌కు కర్ర ఇచ్చి వెనక వైపు పంపింది. నావైపు తిరిగి, "ఇగ దయ్యం భయం గూడ అంటించినవ్. సంతోషమేనా?" అంది.

తర్వాత వారం అక్కను వెంటబెట్టుకుని కమిటీ పెద్ద దగ్గరికి పోయాను. ఆయన బట్టల వ్యాపారి, మా నాన్నకు తెలిసిన మనిషి. నన్ను "కూసో బిడ్డా" అని పరుపు మీద కూర్చోమన్నాడు. అక్కను దుకాణం మెట్టు కింద నిలబెట్టాడు. అంతా విన్నాడు. మధ్యలో గిరాకి వస్తే చీరలు విప్పి చూపించి, మళ్లీ మావైపు తిరిగాడు.

"మేడమ్ చేసింది పద్ధతి గాదు, నేను చెప్త ఆమెకు. కని గేటు రూలు గేటు రూలే. గంత చావు చూసినంక ఎట్ల తెరుస్తం? నీ చెల్లె మీద నీకంత పానముంటే తీస్కపో. మేం పట్టుకున్నమా? కని మల్ల తెచ్చి ఇస్త అంటే నడువది. బయట శానమంది మంచం కోసం కూసున్నరు."

అక్క ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "తీస్కపోత" అంది.

మర్నాడు రేకుల గేటు సగం తెరిచారు. నేను పిల్లను చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చాను. ఆమె వణుకుతున్నది. అక్క తన అరచేయి ఆమె మొహం ముందు పెట్టింది. పిల్ల వాసన చూసింది. ఆ చేతిని, మణికట్టును, గాజులను తడిమింది. భుజం దాకా తడిమి, చెంప దొరకగానే చెయ్యెత్తి కొట్టింది. చూపులేని దెబ్బ కాబట్టి సగం చెవి మీద పడింది.

"బతికుంటే ఏడ పోయినవే? నీ మైలకు నేను తలకు పోసుకున్ననే. గేటు కాడ ఎన్ని రోజులు ఒర్రిన్నో ఎరుకనా నీకు?"

అక్క ఆ గొరిగిన తలను గుండెకు అదుముకుంది. ఇద్దరూ బస్సు ఎక్కేదాకా మేడమ్ గేటులో నిలబడి చూసింది. "మంచిగ బతుకుండ్రి" అంది. వెటకారం కాదు, నిజంగానే అంది.

యార్డు వెనక రేకుల గదిలో వాళ్ల కాపురం. అటు పని పడ్డప్పుడల్లా పోయి చూసేదాన్ని. మొదట్లో బాగానే ఉన్నారు. తొడిమలు తీయడానికి కళ్లతో పని లేదు. పిల్ల అక్క పక్కన కూర్చుని తీసేది. చూపు లేని కళ్లు కూడా మండుతాయని నాకు అక్కడే తెలిసింది. కళ్లు నీళ్లు కారుతుండగానే నవ్వుతూ మాట్లాడేది. తల మీద వెంట్రుకలు మళ్లీ వచ్చాయి.

బావ అన్నంత పని చేసి ఇల్లు విడిచిపోలేదు, ఆమెతో మాట్లాడేవాడూ కాదు. కానీ తాగి వచ్చిన రోజు నీళ్ల బిందెను, కుంపటిని ఉన్నచోటు నుంచి జరిపి పెట్టేవాడు. ఆమె తగిలి పడితే, "గుడ్డిదానికి సర్కస్ నేర్పుతాన్న" అని పక్క గదులవాళ్లను పిలిచి చూపించేవాడు. వాళ్లూ నవ్వేవాళ్లు. ఆమె మోకాళ్ల మీద ఎప్పుడూ ఒక కాలిన గాయమో, చీరుకున్న గాయమో ఉండేది.

అక్క అన్నిటికీ ఓర్చుకుంది. పెళ్లయిన చాలా యేండ్లకు ఆమెకు నెల తప్పింది. అక్కడ తిరిగిపోయింది కథ. కడుపుతో ఉన్నామె పొద్దున్నే గుడ్డిదాని మొహం చూస్తే గుడ్డిపిల్ల పుడుతుందని అత్త కబురు పంపింది. బావ అన్నాడు, పక్క గదులవాళ్లు అన్నారు. మొదట్లో అక్క వాళ్లను తిట్టింది. కడుపు పెరిగేకొద్దీ తిట్టడం తగ్గింది.

ఒకనాడు నేను పోయేసరికి పిల్ల ఒక్కతే ఉంది. "వదినె, అక్క గోడకు చెప్పినట్టు మాట్లాడుతాంది" అంది. నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత అక్క వచ్చింది. చెల్లెకు అన్నం పెడుతూ, మాట్లాడుతూ, మొహం మాత్రం తలుపు వైపు తిప్పుకునే ఉంది. తన మొహం ఎటు తిరిగి ఉందో చూపు లేనిదానికి తెలియదనుకుంది. గొంతు ఏ దిక్కునుంచి వస్తున్నదో ఆ పిల్లకు తెలుస్తూనే ఉంది.

మళ్లీ వానలు మొదలైన రోజుల్లో అక్క ఆమెను ఆశ్రమానికి తెచ్చింది. రేకుల గేటు ముందు ఇద్దరూ తడుస్తూ నిలబడ్డారు. మంచం వేరేవాళ్లకు ఇచ్చేశామని మేడమ్ చెప్పింది. కమిటీ మాట కూడా గుర్తుచేసింది. అక్క కడుపు పట్టుకుని కూలబడింది.

"మేడమ్, నేను సచ్చినట్టే అనుకోండ్రి. ఇగ రాను. గేటు కాడ నిలబడ. దీన్ని మాత్రం లోపలికి తీసుకోండ్రి."

అది పిల్ల ముందే అంది. పిల్ల అక్క కొంగు పట్టుకుని ఉంది. ఆ మాట విని, ఒక్కొక్క వేలే విప్పినట్టు కొంగు వదిలేసింది. మేడమ్ గేటు తీసి, "లోపలికి రా" అంది. మంచం లేదు కాబట్టి వరండాలో చాప వేయించింది. ఆ పిల్లకు చలిజ్వరం వచ్చినప్పుడు తన దుప్పటి తెచ్చి కప్పింది కూడా మేడమే. నాకు ఆమెను ద్వేషించడానికి కూడా సరిగా కుదరలేదు.

యేడాది తిరిగేసరికి ఎవరో ఆఫీసరు వచ్చి, ఇది ఆశ్రమమా జైలా అని కమిటీని కోప్పడ్డాడు. రేకులు పీకేసి మళ్లీ ఊచలు పెట్టారు. బంధువులు కూర్చోవడానికి సిమెంటు బెంచీలు కట్టి రంగులు వేశారు. ఆదివారాలు ఆ బెంచీల మీద కాకులు కూర్చునేవి. తద్దినాల అన్నం మళ్లీ రావడం మొదలైంది. చూపులేని పిల్ల గేటు వైపు వచ్చేది కాదు. వరండాలో బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చునేది. ఆమె నన్ను వదినె అని పిలవడం మానేసి అందరిలాగే ఆయమ్మా అని పిలవసాగింది.

నేను ఆ కొలువు మానేసిన చాలా రోజులకు, ఒక పెళ్లికని మరిపెడ దాటి పోయే బస్సు ఎక్కాను. నా ముందు సీట్లో అక్క ఉంది. కొంచెం ఒళ్లు చేసింది. ఒళ్లో నాలుగేళ్ల ఆడపిల్ల. నన్ను గుర్తుపట్టి పలకరించింది. నేను అడగకముందే పిల్ల గడ్డం పట్టి మొహం నావైపు తిప్పి, "కండ్లు మంచిగున్నయి వదినె, సూదిల దారం ఎక్కిస్తది" అంది. మొగుడు తాగుడు తగ్గించాడని చెప్పింది. ఈసారి మిర్చికి తెగులు వచ్చిందని, యార్డులో పని తక్కువగా ఉందని చెప్పింది. చెల్లె సంగతి ఇప్పుడు అడుగుతుంది, ఇంకో ఊరు దాటాక అడుగుతుంది అని నేను కిటికీ చువ్వ పట్టుకుని చూస్తూనే ఉన్నాను. మరిపెడలో బస్సు ఆగింది. పిల్లకు దూప అయితాందని, చంకకెత్తుకుని దిగి, జనాన్ని నెట్టుకుంటూ సోడా బండి వైపు పోయింది.